పొట్టి చేతుల కొలత

మార్కాపురంలో ఆడవాళ్లు మూర మల్లెపూలు కొనేటప్పుడు పూలను చూడరు, అమ్మే ఆమె చెయ్యిని చూస్తారు. చెయ్యి పొడవున్న ఆమె దగ్గర ఒకసారి కొన్నారంటే ఇక ఇంకో బుట్ట వైపు పోరు. నేనే గనక పూలు అమ్ముకుని బతకాల్సి వస్తే వారం తిరక్కుండా బుట్ట అటక మీద పెట్టేదాన్ని. మా నాయన వైపు అందరివీ పొడవు చేతులే, నా ఒక్కదానివే పొట్టి. మా అమ్మ పోలిక. నా జాకెట్టు నేనే కుట్టుకుంటాను కాబట్టి తెలుసు, చేతులకని తీసిన గుడ్డ ప్రతిసారీ మిగిలిపోతుంది.

కుట్టుపనే నా బతుకుతెరువు. పెళ్లయిన కొత్తలో ఇంటి ముందు గదిలో పెట్టుకున్న దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. మెడలో టేపు లేకుండా నన్ను చూసినవాళ్లు తక్కువ. మా వీధిలో ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఈ ఏడాది ఎంత పెరిగిందో నాకు తెలుసు, వాళ్లకు చెప్పను. అలాంటిదాన్ని, జీవితంలో ఒకే ఒక్కసారి టేపును చేతిసంచిలో పెట్టుకుని చేతులతో కొలిచాను. ఆ కొలత పుణ్యమా అని మా మరదలి ఇంట్లో, నడిమి దూలం కింద నిలబడి తలెత్తి పైకి చూడటం చాలా ఏళ్లు నావల్ల కాలేదు.

మా ఊరు అర్ధవీడు అవతల, నల్లమల వాలు మొదలయ్యే చోట. అక్కడ మా నాయనకు కొంత పట్టా భూమి ఉండేది. కింది సగంలో కంది, ఆముదం. పై సగం రాళ్లు, రాళ్ల మధ్య చెట్లు. వేగిస, నల్లమద్ది, చిరుమాను, వేప, అక్కడక్కడ టేకు. టేకు తప్ప తక్కినవి ఎవరూ నాటినవి కావు, కొండ నుంచి దిగొచ్చి వాటంతటవే మొలిచినవి. ఊళ్లో దాన్ని తోపు అనేవాళ్లు. చుట్టుపక్కల రైతులంతా జామాయిలో సుబాబులో వేసి, కొన్నేళ్లకోసారి నున్నగా గొరిగి లారీలకెత్తేవాళ్లు. ఆ లారీలు పోతున్నప్పుడు డ్రైవర్లు కూడా నాయన్ని ఆటపట్టించేవాళ్లు, నీ అడివి ఏ జన్మలో కోతకొస్తుంది పెద్దాయనా అని.

నాయన సుబాబుల్ తోటలకు హాస్టళ్లని పేరు పెట్టాడు. అంతా ఒకే ఈడు, వరసలో నిలబడతారు, గంట కొడితే అందరూ ఒకేసారి బయటికి, ఆ తర్వాత చూస్తే బోసి నేల. తన తోపు మాత్రం ఇల్లు అనేవాడు. ఇంట్లో ముసలివాళ్లుంటారు, పెళ్లీడు వాళ్లుంటారు, పాకే పిల్లలుంటారు. ఒకరు లేస్తే ఆ చోట ఇంకొకరు కూర్చుంటారు, ఇల్లు మాత్రం ఖాళీ కాదు.

ఆ ఇంటిని నడపడానికి ఆయనకు కొన్ని కట్టుబాట్లుండేవి. ఏడెనిమిదేళ్లకోసారే గొడ్డలి లోపలికి రావాలి. వచ్చినప్పుడు తొర్రపడినవి, వంకర తిరిగినవి ముందు పోవాలి, వాటిని ఎవరూ కొనకపోయినా సరే. మంచివాటిని ఏరుకుంటూ పోయి వంకరవి వదిలితే మన మనవళ్ల నాటికి తోపంతా వంకర సంతానమే మిగులుతుందనేవాడు. వంక ఒడ్డున ఉన్న పెద్ద వేగిసను ఎవరూ ముట్టకూడదు, అది విత్తనాలు రాల్చే తల్లిచెట్టు. ఇక తక్కినవాటిలో బార దాటిన చెట్టే కొట్టాలి.

బార అంటే మనిషి రెండు చేతులూ చాపినంత. నాయన చెట్టు ముందు నిలబడి రొమ్ము ఎత్తున దాన్ని కావలించుకునేవాడు. అటువైపు వేళ్ల కొసలు ఒకదానికొకటి తగిలితే చెట్టు ఇంకా ఎదగాలి, దాని వీపు మీద ఒకటి చరిచి వదిలేసేవాడు. తగలకపోతే బార దాటినట్టు. మానుకు ఎర్రటి జాజుతో ఒక బొట్టు పెట్టేవాడు. బొట్టు పడిన చెట్టు పోతే దాని నీడలో ఇన్నాళ్లూ ముడుచుకుని ఉన్న చిన్నచెట్లకు ఎండ దొరికేది. రెండు వానలకే అవి మోకాలి ఎత్తు నుంచి మన తల దాటేవి. చిన్నప్పుడు నాయన వెంట పోయి ఆ జాజుడబ్బా పట్టుకున్నది నేనే. అంత దగ్గరి నుంచి చూసినదాన్ని, ఆయన చేతులు ఎంత పొడవో అన్న సంగతి ఒక్కనాడూ నా బుర్రకు తట్టలేదు.

నా పెళ్లప్పుడు నాయన వంతులు పెట్టాడు. ఒక కోత మా తమ్ముడిది, తర్వాతి కోత నాది, మళ్లీ వాడిది. ఆడపిల్లకు చెట్లలో వంతేమిటని చుట్టాలు నసిగితే, దాని ఇంటికి తలుపులు వద్దా అన్నాడట. వంతుకు షరతు ఒక్కటే. నీ వంతులో బార దాటినవి నీవి. దాటనివి నీ తర్వాత వచ్చేవాళ్లవి, వాటి మీద నీకు హక్కు లేదు. మొదటి కోతతో తమ్ముడు గొర్రెలదొడ్డికి పందిరి వేసి, ఇంటికి పక్క గది ఎత్తాడు. నా వంతు రాకముందే వాడు జబ్బు చేసి పోయాడు. వాడి వంతు వాడి భార్యకు వచ్చింది.

మా మరదలు ఆరడుగుల మనిషి అంటే అతిశయోక్తి, కానీ మా ఇంటి వాకిలి దాటేటప్పుడు తల వంచాల్సింది తమ్ముడు కాదు, ఆమే. తమ్ముడు తాటిచెట్టని పిలిస్తే, నువ్వు దాని కింది తంగేడు పొదవి అనేది. వాడు పోయాక గొర్రెలు, కంది చేను, ఎడమ చెయ్యి పడిపోయి మంచాన ఉన్న మా నాయన, బడికిపోయే కూతురు, అన్నీ ఆమె మీదే పడ్డాయి. తోపు కాపలా కూడా ఆమెదే. నేను మార్కాపురంలో కూర్చుని ఫోనులో బాగోగులు అడిగేదాన్ని. చింతకాయల కాలం రాగానే ఆమె గింజ తీసిన చింతపండు ముద్దలు చేసి బస్సులో పంపేది.

నా వంతు వచ్చిన ఏడాది మేము ఇల్లు కట్టడం మొదలుపెట్టాం. గోడలు లేచాయి, గుమ్మాలకు కట్టె కావాలి. అదే సమయానికి మరదలు వాళ్ల అన్న కూతురికి చెవులు కుట్టే వేడుక ఉందని దర్శి పక్కన ఉన్న పుట్టింటికి పోవాల్సి వచ్చింది. నాయన్ని చూసుకోవడానికి నేను ఊరికి వెళ్లాను. ఎలాగూ వచ్చాను కదా, చెట్లు కొట్టే పర్మిట్టూ చేతికొచ్చింది కదా, ఆమె వచ్చేలోపు కోత పని కూడా కానిచ్చేద్దామనుకున్నాను. ఆమె వచ్చేదాకా ఆగి ఉంటే ఈ రాతే ఉండేది కాదు. ఆగలేదు. ఇల్లు కట్టే మనిషికి ఓపిక ఉండదు, ఉన్న కాస్తా మేస్త్రీలు తినేస్తారు.

మంచం మీంచి నాయన అన్నీ మళ్లీ చెప్పాడు. "రొమ్మెత్తున కావలించుకో. వేళ్లు తగిలితే వదిలెయ్. తగలకపోతే జాజు పెట్టు. ఆశ పడబాకు." సరేనన్నాను. సంచిలో టేపు ఉంది. తీయాలని తోచలేదు. చెట్టును టేపుతో కొలవడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు, అన్నాన్ని తూకం వేసి పెట్టుకుంటామా?

గిద్దలూరులో కోత మిల్లు నడిపే సాయిబు ఒకాయన నాయనకు చిన్నప్పటి స్నేహితుడు. నేను మామా అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. ఆయన ఇద్దరు మనుషుల్నీ రంపాల్నీ తెచ్చాడు. నేను ముందు పోయి చెట్లను కావలించుకుంటుంటే ఆయన జాజుడబ్బా పట్టుకుని వెనక వచ్చాడు. ఆ పొద్దున నాకు ఎంత సంబరమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మద్ది బెరడు చెక్కిలికి గరుగ్గా తగిలింది. చిరుమాను నున్నగా, చల్లగా ఉంది. నాయన చేసిన పని నేను చేస్తున్నాననే గర్వం ఒకటి. చెట్టు తర్వాత చెట్టు, నా వేళ్లు కలవనే కలవవు. తోపు బాగా చేతికొచ్చిందని మురిసిపోయి బొట్ల మీద బొట్లు పెట్టాను.

"నాయన కన్నా నీ చెయ్యి ధారాళంగా ఉందే కోడలా" అన్నాడు మామ.

మెచ్చుకోలు అనుకుని నవ్వాను. ఆయన అన్నది అదే అర్థంలోనా, ఇంకేమైనానా అని తర్వాత ఎన్నోసార్లు అడగాలనుకున్నాను, అడగలేదు. ఒక్క విషయం మాత్రం ఇంకొకరి మీదికి నెట్టలేను. బండ పక్కన ఒక నల్లమద్ది ఉండేది, బాణంలా నిలువుగా. దాని దగ్గర వేళ్లు కలిసీ కలవనట్టు అనిపించింది. ఇంకాస్త ఊపిరి బిగించి చేతులు సాగదీస్తే తగిలేవేమో. సాగదీయలేదు. మా ఇంటి సింహద్వారం కళ్ల ముందు నిలబడింది. బొట్టు పెట్టమన్నాను.

మరదలు వచ్చేసరికి బొట్టు పడినవాటిలో ఎక్కువ భాగం నేల మీద ఉన్నాయి. ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బాతో నేరుగా తోపులోకే వచ్చింది. డబ్బా నా చేతికిచ్చి, కొట్టేసిన మొదళ్ల మధ్య నుంచి మెల్లగా నడిచింది. ఇంకా నిలబడే ఉన్న ఒక బొట్టు చెట్టు దగ్గర ఆగి, దాన్ని కావలించుకుంది. అలాగే చెంప ఆనించి కొంతసేపు ఉంది. నాకేమీ అర్థం కాలేదు, తమ్ముడు గుర్తొచ్చాడేమో అనుకున్నాను.

"వదినా, ఇది నాకు అందుతాంది" అంది.

అటువైపు వెళ్లి చూశాను. ఆమె వేళ్లు తగలడం కాదు, ఒక అరచెయ్యి మీద ఇంకో అరచెయ్యి పడుకుని ఉంది. పక్క చెట్టును కావలించుకుంది. అదీ అంతే. నేనూ పోయి అదే చెట్టును కావలించుకున్నాను. నా వేళ్ల మధ్య జానెడు ఎడం. మామ చెయ్యెత్తి రంపాలను ఆపించాడు. చేతులే కాదు, రొమ్మెత్తు కూడా తప్పేనని ఆయనే చెప్పాడు. పొడవు మనిషి రొమ్ము దగ్గర మాను సన్నబడి ఉంటుంది, నా రొమ్ము ఎత్తున ఇంకా మొదలు లావే ఉంటుంది. రెండు విధాలా నేను పెద్దవి కాని చెట్లను పెద్దవి చేశాను. నిలబడి ఉన్నవి బొట్లతోనే మిగిలాయి. పడిపోయినవాటిలో సగానికి పైగా మరదలి వంతువి. బండ పక్కన మద్ది కూడా పడిపోయింది.

ఇంటికొచ్చి నాయనకు నేనే చెప్పాను. ఆయన నన్ను మంచం దగ్గరికి పిలిచి చెయ్యి చాపమన్నాడు. కదలని తన ఎడమ చేతి పక్కన నా చేతిని పెట్టి, భుజం దగ్గర నుంచి వేళ్ల దాకా చూశాడు. నా వేళ్లు ఆయన మణికట్టు దగ్గరే ఆగిపోయాయి.

"మీయమ్మ చేతులు. బార అని చెప్పినా గానీ ఎవురి బారో చెప్పలా. తప్పు నాది" అన్నాడు.

మామ తప్పు తనదన్నాడు, అన్నేళ్ల అనుభవం ఉండి మొదట్లోనే నోరెత్తలేదట. మరదలు ఊరికి పోకుండా ఉండాల్సిందంది. అందరూ తలా ఇంత పంచుకుని నాకేమీ మిగల్చకపోతే నాకు మరీ కష్టమైంది. ఒక్కరు తిట్టినా ఏడ్చి కడుక్కునేదాన్ని. ఆ సాయంత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుని సున్నుండ తిన్నాను. కట్టె వెనక్కి ఇస్తానంటే, ఎండకు పగిలిపోయే పచ్చి కట్టెను ఏం చేసుకోవాలి, గుమ్మాలకు తీసుకుపో అంది మరదలు. తీసుకుపోయాను. ఆ ఏడాది మాత్రం నాకు చింతపండు రాలేదు. అడగడానికి నాకు మొహం లేదు, పంపకపోవడానికి కారణం ఆమె చెప్పలేదు. అంగట్లో కొన్నాను. పులుసు పెట్టిన ప్రతిసారీ మా ఆయన ఇది మన చింతపండు కాదే అనేవాడు.

మా గృహప్రవేశానికి ఆమె కూతుర్ని తీసుకుని వచ్చింది. అందరూ గ్రానైటు గురించి మాట్లాడుతుంటే ఆమె సింహద్వారం దగ్గర నిలబడి వేలి కణుపుతో గుమ్మాన్ని తట్టి చెవి పెట్టింది. చెట్టుకు వయసు వచ్చేకొద్దీ లోపల నల్లగా గట్టి చెక్క ముదురుతుంది, దాన్ని చేవ అంటాం. చేవకు పురుగు పట్టదు. చుట్టూ ఉండే తెల్ల చెక్క పురుగుకు పరమాన్నం. నా గుమ్మాల్లో తెల్ల చెక్క ఎంత ఉందో రంగు వేయించినా ఆమె వేలికి తెలిసిపోయింది.

"చేవ పట్టకముందే కొట్టినాం, పాపం" అంది.

కొట్టినావు అనలేదు, కొట్టినాం అంది. కుట్టుపని చేసేదాన్ని, చిన్న తేడా ఎక్కడున్నా పట్టుకుంటాను. ఆ ఒక్క అక్షరం తేడా నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదంటే నమ్మండి. పాపమన్నది కూడా నన్ను కాదు, చెట్టును.

రెండేళ్లకే గుమ్మం అడుగున పిండి రాలడం మొదలైంది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే పసుపురంగు పొడి చీపురుకు అంటుకుని వస్తుంది. మందు కొట్టించాను, నూనె పట్టించాను. ఇంటికొచ్చిన వాళ్లు ఏమిటా పొడి అంటే, నన్నే ఏదో అన్నట్టు భుజాలు తడుముకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో. నా చేతుల సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు.

గుమ్మాలకు పురుగు పడితే పడింది, నా ఖర్మ. ఆ తర్వాత జరిగిందే నా గుండెల మీద కూర్చుంది. నాయన పోయిన మరుసటి ఏడు ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. మా ఊరి ఇల్లు మట్టి మిద్దె. దూలాల మీద వాసాలు, వాటి మీద బండలు, ఆపైన జానెడు మట్టి. తడిసిన మట్టి బరువుకు నడిమి దూలం చీలింది. మరదలు దాని కింద ఒక గుంజ నిలబెట్టింది. నేను పరుగున వెళ్లాను. ఇల్లంతా పీకి స్లాబు వేసుకోమన్నాను, మేమూ సాయం పడతామన్నాను. ఒక్క దూలం కోసం ఇల్లు పీకుతారా అంది. మిల్లులో దూలం కొనిస్తానంటే, తోపుండగా కొన్న కట్టె దేనికంది. మద్ది దూలం ఒకటి మారిస్తే తన జీవితకాలం చూసుకోనక్కర్లేదట. "నా వంతు వస్తాది గదా" అంది. నన్ను దెప్పడానికి అనలేదు. ఆమెకు ఆ మాట మామూలు మాటే. నేను మాత్రం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాను. బండ పక్కన మద్ది ఆమె వంతు నాటికి ఆ దూలానికి సరిపోయేదేమో. అది మార్కాపురంలో మా సింహద్వారమై పిండి రాలుస్తోంది.

అప్పటి నుంచి ఆ ఇంటికి ఎప్పుడు పోయినా గోడ పక్కన కూర్చునేదాన్ని. నడింట్లో నిలబడిన ఆ గుంజను తల్లీకూతుళ్లు చూడనైనా చూడకుండా చుట్టూ తిరిగి పోయేవాళ్లు. మేనకోడలు దానికి మేకు కొట్టి పుస్తకాల సంచి తగిలించేది. వాన మొదలైతే మాత్రం ఇద్దరూ మంచాలు పక్క గదిలోకి జరుపుకునేవాళ్లు. నాకు భుజమో మోచెయ్యో ఆ గుంజకు తగలని రోజు లేదు.

పోయిన మాఘమాసంలో ఆమె వంతు వచ్చింది. నన్ను రమ్మని ఫోను చేసింది. ఎందుకంటే జాజుడబ్బా పట్టుకోవడానికంది. మామ ముసలివాడైపోయాడు, అయినా తోపు అనేసరికి చేతికర్రతో వచ్చాడు. పొద్దున్నే బయలుదేరాం. నేను కొట్టించిన చోట్ల ఎండ పడి చిన్నచెట్లు గుంపులుగా లేచాయి, వాటి మధ్య నడవడానికి కొమ్మలు తప్పించుకోవాల్సి వచ్చింది. చూడటానికి పచ్చగా, అందంగా ఉంది. అందులో పిల్లలున్నారు, తల్లిచెట్టు ఉంది. నడి వయసు వాళ్లే పలచబడిపోయారు. ఆ ఖాళీ నేను చేసిందేనని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె ఒక్కో చెట్టునూ కావలించుకుంటూ పోయింది. ఆనాడు ఆమె కాపాడిన చెట్ల మీద నా జాజు బొట్లు బెరడు పగుళ్లలో ఇంకా కొద్దికొద్దిగా ఉన్నాయి. వాటిలో రెండు మద్దులు నిలువుగా, చక్కగా ఎదిగాయి. ఆమె వేళ్లు ఇప్పుడు అరచేతుల దాకా రావడం లేదు గానీ కొసలు మాత్రం తగులుతున్నాయి. నేను అటువైపు నిలబడి చూశాను. తగలకూడదని దేవుడికి మొక్కుకున్నాను. తగిలాయి. తోపంతా తిరిగితే ఆమె బార దాటినవి ఒక తొర్ర వేప, దూలానికి పొడవు చాలని రెండు టేకులు, వంక ఒడ్డున తల్లి వేగిస. అంతే.

తల్లిచెట్టును కొట్టేయమన్నాను. మామ నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. మరదలు ఆ మాట విననట్టే ముందుకు నడిచింది. అప్పుడు నేను ఆ రెండు మద్దుల్లో ఒకదాని దగ్గరికి పోయి కావలించుకున్నాను. నా వేళ్లు ఎప్పటిలాగే కలవలేదు. నా చేతులతో కొలిస్తే ఇది బార దాటినట్టే కదా, ఈసారి నా బారతోనే కానిద్దాం అన్నాను.

"నీ చేతుల్తో కొలిస్తే ఇదొకటే ఏంది, ఇంకా శానా వస్తాయి. అయ్యన్నీ నీ వంతువి వదినా" అంది.

నాకు వంతు వద్దన్నాను. వదిలేసుకుంటున్నానన్నాను, మామ సాక్షి అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడుస్తుందేమో అనుకున్నాను. తుడవలేదు. ఆమెకు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె కోపం నేను చూడటం అదే మొదటిసారి.

"నువ్వు వద్దంటే చెట్లు ఆగుతాయా? ముదిరినవి ముదిరినట్టే నిలబడితే కిందవి నీడకు చస్తాయి. నీకు సిగ్గయిందని తోపు కాసుకోని కూచోదు. నీ వంతుకు నువ్వు రావాల. నా బారతో కొలవాల. కొట్టాల."

నేను కళ్లు తుడుచుకుని సంచిలోంచి టేపు తీశాను. మద్దిని మళ్లీ కావలించుకోమని ఆమెను అడిగి, వేలి కొస నుంచి వేలి కొస దాకా చుట్టూ పట్టి కొలిచాను. ఇప్పుడు తీసినావా అంది, నవ్వింది. ఆ అంకె నా దుకాణంలో కత్తెర తగిలించే మేకు పైన గోడ మీద రాసి పెట్టుకున్నాను. నా వంతు వచ్చే నాటికి ఆ మద్ది దాన్ని దాటుతుంది. దాటితే మొదటి గొడ్డలి దానికే, అది పోయేది ఆ ఇంటి నడిమి దూలానికే. ఆ సంగతి ఆమెతో అంటే, నీ వంతులో నువ్వు ఎవరికిచ్చుకుంటే నాకేంది అంది. అన్నాళ్లూ, అంటే ఇంకో ఏడెనిమిదేళ్లు, ఆ తల్లీకూతుళ్లు ఆ దూలం కిందే ఉండాలి. ఆ లెక్క నేను ఎటు తిప్పి కొలిచినా చిన్నది కాలేదు.

ఆ రోజు వేపతో పాటు ఒక వంకర చిరుమాను కొట్టించింది. పై కొసన పంగ ఉన్న ముక్క చూసి కోయించి ఇంటికి తెచ్చాం. చీలిక ఇంకొంచెం పాకిందట, పాత గుంజ ఒక్కటే చాలదట. మామ గడప దగ్గర కూర్చుని, సందులో బిగించడానికి చెక్కపిళ్లలు చెక్కాడు. మరదలు స్టూలు ఎక్కి పంగను దూలానికి ఆనించి, పిళ్లలు కొట్టడానికి సుత్తి అందుకుంది. ఈ కొత్త గుంజను కదలకుండా కింద పట్టుకోవడం నా పని.

కావలించుకున్నాను. అది సన్నటి మాను. నా పొట్టి చేతులు దాని చుట్టూ తిరిగి మళ్లీ నా మోచేతుల దాకా వచ్చాయి. ఆమె ఒక్కో దెబ్బ వేస్తుంటే ఆ అదురు నా రొమ్ములోకి దిగింది. పైనుంచి మట్టి రాలి నా తలలో, మెడ మీద పడింది. నేను నేల చూస్తూ గట్టిగా పట్టుకున్నాను.

సుత్తి ఆగింది. "పైకి చూడు వదినా. నిలువుగా ఉందో లేదో నువ్వే చెప్పాల" అంది.

తలెత్తి చూశాను. దూలం చీలిక ఒక గోడ దగ్గర మొదలై మధ్య దాకా వచ్చి ఉంది, నా వేలు పట్టేంత. దాని కింద ఆమె పొడవాటి చేతులు రెండూ దూలాన్ని పైకి నెట్టి పట్టుకుని, నా మాట కోసం ఆగి ఉన్నాయి.

"కొంచెం ఎడమకు" అన్నాను.